నలుదిక్కుల ముట్టడి: నిజ్వా కోట నేర్పే యుద్ధగణితం

ఖరీఫ్ జల్లులు కురిసే సలాలాను మినహాయిస్తే, ఒమన్‌లో మే నెల మొదలు సెప్టెంబరు దాటే వరకు పగటి ఎండ పిల్లలను ఇంటి గోడల మధ్యనే నిలుపుతుంది. ఆ దినాలలో మస్కట్‌లోని తెలుగువారి ఇండ్లలో తరచు వినవచ్చే మాట ఒకటి ఉన్నది. భోజనానికి రమ్మని తల్లి పిలుస్తుంది. "ఒక్క నిమిషమమ్మా, మూడు వైపుల నుండి వచ్చి పడ్డారు!" అని లోపలి గది నుండి సమాధానం వస్తుంది. వచ్చి పడినవారు కంప్యూటరు తెరమీది సైనికులే అయినా, ఆ బాలుడు ఎదుర్కొంటున్న సమస్య మాత్రం కల్పితం కాదు. రాజులు, సేనాపతులు, కోటలు కట్టిన శిల్పులు తరతరాలుగా తలపోసిన సమస్య అది. ఉన్న బలం కొద్ది. శత్రువు వచ్చే దిక్కులు అనేకం. ఆ బలాన్ని ఎక్కడ నిలపాలి?

ఈ ప్రశ్నకు గణితశాస్త్రం ఒక సమాధానం చెప్పినది. ఆ గణితం పుట్టడానికి రెండున్నర శతాబ్దాల ముందే, మస్కట్ నుండి కారులో రెండు గంటలలోపే చేరగల ఒక కోట అదే సమాధానాన్ని రాతిలో చెప్పినది. ఆ రెండింటినీ కలిపి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పులిజూదం నుండి కంప్యూటరు తెరకు

అరుగులమీద సుద్దతో గీసి ఆడుకునే పులిజూదం తెలుగువారికి పాత ఆట. ఎక్కువగా ఆడే పద్ధతిలో పులులు 3, మేకలు 15. మేక వెనుక గడి ఖాళీగా ఉంటే పులి దానిమీదుగా దూకి చంపుతుంది. ఆ గడిలో మరొక మేక నిలిచి ఉంటే పులి ఏమీ చేయలేదు. అందుచేత చెల్లాచెదురుగా నిలిచిన మేకలు ఒక్కొక్కటిగా బలి అవుతాయి. ఒకదాని వెనుక ఒకటి ఆనుకొని నిలిచినవి చివరకు పులులనే కట్టివేస్తాయి. బలాన్ని చెదరనీయరాదన్న నీతి ఆ అరుగుమీదనే ఉన్నది.

అయితే పులిజూదంలోను, చదరంగంలోను ఒకరు ఎత్తు వేసేదాకా మరొకరు ఆగుతారు. ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది. 1990 తరువాత వచ్చిన ఒక తరగతి కంప్యూటరు ఆటలు ఈ వంతుల పద్ధతిని తీసివేసినాయి. వీటిని 'రియల్ టైమ్ స్ట్రాటజీ' ఆటలంటారు. తెలుగులో 'నిరంతర వ్యూహక్రీడలు' అనవచ్చును. 1992లో వచ్చిన 'డ్యూన్ 2' ఈ తరగతికి రూపురేఖలు దిద్దినది. 1997లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్', 1998లో 'స్టార్‌క్రాఫ్ట్' వచ్చి వాటిని ప్రపంచమంతటా వ్యాపింపజేసినాయి.

ఈ ఆటలో ఆటగాడు ఒక చిన్న ఊరితో మొదలుపెడతాడు. పనివారు కట్టెలు కొడతారు, పంట పండిస్తారు, బంగారం తవ్వుతారు. ఆ సంపదతో గోడలు కట్టాలి, సైన్యం పెంచాలి. శత్రువు కూడా అదే సమయంలో అదే పని చేస్తుంటాడు. ఎవరూ ఎవరికోసమూ ఆగరు. పటం తెరకంటె ఎన్నో రెట్లు పెద్దది కనుక, ఒకసారి ఒక మూల మాత్రమే కంటికి కనబడుతుంది. తనవారు ఎవరూ లేని ప్రదేశాలను ఒక మంచుతెర కప్పి ఉంచుతుంది.

నేర్పుగల ప్రత్యర్థి ఒకే వైపు నుండి రాడు. ఉత్తర ద్వారం వద్ద పెద్ద సేనతో పోరు సాగిస్తూ, దక్షిణాన పొలాలలోని పనివారిమీదికి పదిమంది గుర్రపురౌతులను వదులుతాడు. అదే క్షణంలో వెనుక తీరాన ఒక పడవ సైనికులను దింపుతుంది. కొత్త ఆటగాడు కంగారుపడి, ఉన్న సేనను మూడు ముక్కలు చేసి మూడు వైపులకు పంపుతాడు. న్యాయంగా కనిపించే పంపకమే అయినా, చాలామంది ఓడిపోయేది సరిగా అక్కడనే.

వందమంది, రెండు సేనలు

సమానంగా పంచడం ఎందుకు తప్పో తెలిపిన గణితం ఆంగ్లదేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేరిట ప్రసిద్ధమైనది. మోటారుకార్లు, విమానాల నిర్మాణంలో పేరుపొందిన ఆయన 1914లో రాసిన వ్యాసాలలో దీనిని వివరించి, 1916లో గ్రంథరూపంలో ప్రకటించినాడు. రష్యాలో ఒసిపోవ్ అనే ఆయన 1915లో స్వతంత్రంగా ఇటువంటి ఫలితాలనే ప్రచురించినాడు.

లాంచెస్టర్ ఊహ సరళమైనది. విల్లమ్ములు, తుపాకులు గల రెండు సేనలు బయలులో తలపడినాయి. ప్రతి సైనికుడు ఎదుటివారిలో ఎవరినైనా కొట్టగలడు. అప్పుడు ఒక పక్షానికి కలిగే నష్టం ఎదుటి పక్షపు సంఖ్యనుబట్టి ఉంటుంది. ఒక పక్షం సంఖ్య రెట్టింపయినదనుకుందాము. వారు వేసే దెబ్బలు రెట్టింపవుతాయి. అంతేగాక, శత్రువు వేసే దెబ్బలు రెట్టింపు మంది మధ్య పంచబడతాయి. రెండు లాభాలూ కలిసి బలం నాలుగు రెట్లవుతుంది. అనగా సేన బలం సంఖ్యతో కాక, సంఖ్య యొక్క వర్గంతో పెరుగుతుంది. దీనినే లాంచెస్టర్ వర్గసూత్రం అంటారు.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూతము. రక్షకుని వద్ద 100 మంది ఉన్నారు. తూర్పున 60 మంది, పడమట 60 మంది శత్రువులు వచ్చినారు. అందరి నేర్పూ సమానమనుకుందాము.

మొదటి మార్గం: రక్షకుడు తన సేనను యాభై యాభైగా పంచినాడు. ఒక్కొక్క వైపు 60 వర్గం 3600, 50 వర్గం 2500, తేడా 1100, దాని వర్గమూలం సుమారు 33. అంటే రెండు వైపులా రక్షకులందరూ నశించగా, వైపుకు 33 మంది చొప్పున శత్రువులు 66 మంది మిగులుతారు. శత్రువులు 120 మందీ ఒక్కటై వచ్చి 100 మందితో తలపడినా మిగిలేది ఆ 66 మందే. కనుక సమానంగా పంచుకున్న రక్షకుడు, శత్రువు రెండుగా విడిపోవడంవలన తనకు చిక్కిన అవకాశాన్ని తానే చేజార్చుకొన్నాడన్న మాట.

రెండవ మార్గం: 100 మందీ కలిసి మొదట తూర్పుసేనను ఎదుర్కొన్నారు. 10000 నుండి 3600 తీసివేయగా 6400, వర్గమూలం 80. తూర్పుసేన పూర్తిగా నశించినది. రక్షకులు 80 మంది మిగిలినారు. ఆ 80 మందీ పడమటికి తిరిగినారు. 6400 నుండి 3600 పోగా 2800. వర్గమూలం సుమారు 53. రెండవ సేనా నశించినది. 53 మంది ఇల్లు చేరినారు. ఇదే పద్ధతిలో 100 మంది రక్షకులు 55 మంది గల సేనలు మూడింటిని, అనగా 165 మందిని, వరుసగా ఓడించి 30 మంది మిగలగలరని పాఠకులు స్వయంగా లెక్కించి తెలుసుకొనవచ్చును.

సైనికులు మారలేదు, ఆయుధాలు మారలేదు. మారినది వరుస మాత్రమే. పలుదిక్కుల దాడిని ఎదుర్కొనేవాడు బలాన్ని భాగాలు చేయరాదు; కాలాన్ని భాగాలు చేయాలి. ఈ వ్యాసానికి ప్రాణం వంటి మాట ఇదే.

సేనను ముందే వివిధ స్థానాలకు పంచి కదలకుండా నిలపడంలో మరొక ప్రమాదం ఉన్నది. ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బొరెల్ 1921లో ప్రతిపాదించిన ఒక సమస్య దీనిని చూపుతుంది. రెండు పక్షాలూ సమానమైన బలాన్ని మూడు, నాలుగు స్థానాలకు పంచుకోవాలి. ఎక్కువ స్థానాలు గెలిచినవారిదే ఆట. ఇందులో ఒకరి పంపకం ఎదుటివారికి ముందుగా తెలిస్తే, అది ఎంత తెలివైన పంపకమైనా దానిని ఓడించే మరొక పంపకం ఉండనే ఉంటుంది. కనుక కదలని కాపలా శత్రువు కంటికి తెరచిన పుస్తకమే.

ఇరుకు దారి విలువ

పై లెక్కలో ఒక చిక్కు ఉన్నది. 100 మందీ తూర్పున పోరాడుతుండగా పడమటి సేన చేతులు కట్టుకొని నిలుచుంటుందా? నిలువదు. అది ఊరిమీద పడుతుంది. అందుచేత రెండవ ద్వారం వద్ద శత్రువును కొంతసేపు ఆపే ఉపాయం కావాలి.

రసాయనశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక పాత పరిచయం తటస్థపడుతుంది. రెండు పదార్థాల అణువులు ఒకటికి ఒకటిగా ఢీకొని జరిగే చర్యలో ఒక అణువు ఖర్చయితే ఎదుటి పక్షంలోనూ ఒక అణువే ఖర్చవుతుంది. ఎంత ఎక్కువ గాఢత ఉన్నా ఈ జమాఖర్చు మారదు. ఇరుకు దారిలో జరిగే పోరు ఇటువంటిది. ఒకరి వెంట ఒకరుగా మాత్రమే రాగల చోట వెనుకనున్నవారి సంఖ్య ముందున్నవానికి తోడ్పడదు. అక్కడ వర్గసూత్రం పనిచేయదు. ఒకటికి ఒకటి అనే సరళసూత్రం పనిచేస్తుంది.

దీని ఫలితం చిన్నది కాదు. బయలులో 20 మంది 60 మందిని ఎదిరిస్తే 3600 నుండి 400 పోగా 3200; వర్గమూలం సుమారు 57. అంటే ఆ 20 మందీ తమ ప్రాణాలకు బదులు ముగ్గురిని మాత్రమే తీసుకొనిపోతారు. అదే 20 మంది ఇరుకు సందులో నిలిస్తే 20 మందిని నిలువరిస్తారు. గోడ చాటున్నదంటే ఇంకా ఎక్కువమందిని. మించి, వారు గెలవవలసిన పని లేదు. పెద్ద సేన తిరిగి వచ్చేదాకా నిలబడితే చాలును. గోడ శత్రువును ఓడించదు. వానిని వరుసలో నిలుచోబెడుతుంది.

నిజ్వా బురుజు చెప్పేది

ఇప్పుడు నిజ్వాకు పోదాము. శుక్రవారం ఉదయం మేకల సంతకు వెళ్ళిన తెలుగు కుటుంబాలలో ఆ పక్కనే ఉన్న కోట ఎక్కనివారు అరుదు. 1650లో మస్కట్ నుండి పోర్చుగీసువారిని వెళ్ళగొట్టిన ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ అల్ యారూబీ కట్టించిన కోట అది. నిర్మాణానికి సుమారు 12 సంవత్సరాలు పట్టినదని చెబుతారు. పోర్చుగీసువారి ఫిరంగులను కళ్ళారా చూసినవారు, ఫిరంగుల కాలానికి తగినట్లుగా కట్టిన కోట ఇది.

దీని ప్రత్యేకత నడుమనున్న బ్రహ్మాండమైన గుండ్రని బురుజు. లోపలి భాగం చాలా ఎత్తు వరకు మట్టితో, రాళ్ళతో నింపబడినది. ఫిరంగి గుండు తగిలినా ఆ దెబ్బ అందులో ఇంకిపోవాలన్నది ఆలోచన. పైన ఫిరంగుల కొరకు చుట్టూ 24 రంధ్రాలు ఉన్నాయి. నిజ్వాను ఏ దిక్కు నుండి సమీపించినా ఏదో ఒక ఫిరంగి చూపు తప్పదు.

గుండ్రదనంలోని కిటుకును రేఖాగణితం తెలుపుతుంది. వృత్తం నడుమ నిలిచినవాడు ఏ అంచుకు పోవాలన్నా వ్యాసార్ధం నడిస్తే చాలును. ఒక అంచు నుండి ఎదుటి అంచుకు పోవాలన్నా రెండు వ్యాసార్ధాలే. బయటనున్న శత్రువు ఒక వైపు నుండి ఎదుటి వైపుకు మారాలంటే అర్ధపరిధి చుట్టిరావాలి; అది మూడు వ్యాసార్ధాలకు పైమాట. అతడు కోటకు దూరంగా నిలిచిన కొద్దీ ఆ దూరం ఇంకా పెరుగుతుంది. బురుజుపై ఉన్న విశాలమైన వేదిక మధ్య నుండి మనుషులను, మందుగుండును ఏ వైపుకైనా కొద్ది అడుగులలో చేర్చవచ్చును. కాలాన్ని భాగాలు చేయడమన్న సూత్రానికి ఇది రాతిరూపం.

ఇరుకు దారి సూత్రమూ అక్కడ ఉన్నది. బురుజు పైకి పోయే మెట్లదారి సన్ననిది; మలుపులు తిరుగుతుంది. మలుపుల వద్ద బలమైన తలుపులు, వాటి పైన కప్పులో రంధ్రాలు. ఆ రంధ్రాల నుండి సలసల కాగే నూనెను, ఖర్జూరపు పాకాన్ని శత్రువులపై పోసేవారు. కొన్ని మెట్ల స్థానంలో పలకలు పరచి, కింద గోతులు ఉంచినారు. వేయిమంది కోటలో ప్రవేశించినా ఆ మెట్లపై ఒక్కసారికి ఒకరిద్దరే పోరాడగలరు.

మూడవది ముందస్తు ఎరుక. మస్కట్, మత్రా కొండశిఖరాలపై, సూర్ పట్టణం చుట్టూ కనిపించే ఒంటరి బురుజులు పోరాడటానికంటె చూడటానికి కట్టినవి. శత్రువు ఎటు నుండి, ఎంతమందితో వస్తున్నాడో ముందే తెలిసినప్పుడే రక్షకునికి వరుస నిర్ణయించుకునే వ్యవధి దొరుకుతుంది. గోలకొండ చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఫతే దర్వాజా వద్ద చేతులు చరిచితే ఆ చప్పుడు కొండపైని బాలా హిస్సారులో వినబడుతుంది. అదే గోలకొండ 1687లో ఔరంగజేబు సేనలను ఎనిమిది నెలలు నిలిపి, చివరకు గోడలు కూలి కాక, లోపలివారే ద్వారం తెరువగా పడిపోయినది. అన్ని దిక్కులనూ కాచినవారు లోపలి దిక్కును మరువరాదని ఆ చరిత్ర తెలుపుతుంది.

నాలుగవది నిత్యావసరాల రక్షణ. కోటలో బావులు, ఖర్జూరపు కొట్లు ఉన్నాయి. దొంతులుగా పేర్చిన ఖర్జూరపు బస్తాల నుండి కారే పాకం నేలలోని కాలువల గుండా కుండలలో చేరుతుంది. ఆహారమే ఆయుధమయ్యే ఏర్పాటు ఇది! వ్యూహక్రీడలలో నిపుణులు మొదట కొట్టేది సైనికులను కాదు, పొలాలలోని పనివారిని. నీరూ తిండీ గోడ లోపల ఉన్నవానికి ఆ దెబ్బ తగలదు.

సంశప్తకుల ఎత్తు

పలుదిక్కుల దాడిలో అన్ని దాడులూ నిజమైనవి కావు. కొన్ని కేవలం పిలుపులు. తెలుగువారికి ఈ సంగతి తిక్కన భారతం నుండి తెలుసు. ద్రోణపర్వంలో ధర్మరాజును పట్టదలచిన ద్రోణాచార్యునికి అడ్డు అర్జునుడు ఒక్కడే. అందుచేత త్రిగర్తదేశపు సంశప్తకులు చావుకు ప్రతినబూని, అర్జునుని వేరొక దిక్కున యుద్ధానికి పిలిచినారు. వారు గెలవలేదు, గెలవవలసిన పనీ లేదు. అర్జునుడు అటు పోవడమే వారికి కావలసినది. ఆ సమయాన ద్రోణుడు పద్మవ్యూహం పన్నినాడు. అభిమన్యుడు ప్రవేశించినాడు. వెనుక రాదలచిన భీమాదులను వ్యూహద్వారం వద్ద సైంధవుడు ఒక్కడే అడ్డుకొన్నాడు.

ఈ కథలో వ్యూహక్రీడల పాఠాలన్నీ ఇమిడి ఉన్నాయి. దూరపు దాడి పేరిట ప్రధానబలాన్ని లాగడం ఒకటి. ఇరుకు ద్వారంలో ఒక్కడు నలుగురిని ఆపడం రెండవది. లోపలికి పోయే దారి తెలిసి, వెలికివచ్చే దారి తెలియనివానిని ఒంటరిగా పంపడం మూడవది. దాడి జరిగినదనగానే 'ఎవరు వచ్చినారు?' అని అడగడంతో ఆగరాదు. 'నన్ను ఎక్కడ నుండి కదిలించదలచినారు?' అని కూడా అడగాలి.

యంత్రం ఓడిన ఆట

ఈ పాఠం మనుషులకే కాక యంత్రాలకూ తప్పలేదు. లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ 'స్టార్‌క్రాఫ్ట్ 2' ఆట కొరకు ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రామును తయారుచేసినది. అది మనుషుల ఆటలను చూచి నేర్చుకొని, పిమ్మట తనతో తాను ఆడుకొని ఆరితేరినది. 2018 డిసెంబరులో అది ఇద్దరు వృత్తి ఆటగాళ్ళతో, జర్మనీకి చెందిన టీఎల్‌ఓతోను, పోలెండుకు చెందిన మానాతోను, చెరి ఐదు ఆటలు ఆడి పదింటినీ గెలిచినది. 2019 జనవరిలో ఆ ఫలితాలను వెల్లడించిననాడు మానా మరొక ఆట ప్రత్యక్షంగా ఆడినాడు. ఈసారి ప్రోగ్రాముకు మనిషివలె ఒకసారికి పటంలో ఒక భాగాన్ని మాత్రమే చూచే నిబంధన విధించబడినది. ఆ ఆటలో యంత్రం ఓడినది.

ఓడిన తీరు గమనింపదగినది. ఆల్ఫాస్టార్ పెద్ద సేనతో మానా స్థావరంవైపు కదులుతున్నది. మానా ఒక రవాణా విమానంలో ఇద్దరు బలమైన యంత్రయోధులను ఎక్కించి శత్రువు ఊరి వెనుక దింపినాడు. ఆల్ఫాస్టార్ తన సేన మొత్తాన్ని వెనుకకు తిప్పినది. సేన చేరేలోపల మానా తన యోధులను విమానం ఎక్కించి తప్పుకొన్నాడు. సేన మళ్ళీ ముందుకు కదిలినది. విమానం మళ్ళీ వచ్చినది. సేన మళ్ళీ వెనుదిరిగినది. ఇట్లు ఆ మహాసేన దారిలోనే కాలం గడుపుతుండగా, మానా తీరికగా తన సేనను పెంచుకొని వచ్చి గెలిచినాడు.

బలాన్ని ముక్కలు చేయరాదన్న సూత్రాన్ని ఆ యంత్రం పాటించినదనే చెప్పాలి. కాని ఏ దాడికి ఎంత బలం చాలునో అది తూచలేదు. ఒక ఎగిరే ఓడను తయారుచేసి ఆ విమానం కొరకు కాపలా ఉంచితే సమస్య అంతటితో తీరేది. చీమ కుట్టినదని ఊరంతా కర్రలు పట్టుకొని పరుగెత్తడం ఎంత తప్పో, పాము వచ్చినప్పుడు ఒక్కడిని పంపడమూ అంతే తప్పు. ఆ తరువాత మెరుగుపరచిన ఆల్ఫాస్టార్, అదే ఏడాది 'నేచర్' పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ర్యాంకులు గల ఆటగాళ్ళలో 99.8 శాతం మందిని మించిన స్థాయికి చేరుకొన్నది.

ఆటగాడు పాటించవలసిన క్రమం

పైన చెప్పినవాటిని వరుసలో పెడితే ఈ క్రమం ఏర్పడుతుంది.

ఒకటి, చూడాలి. నాలుగు దిక్కులా ఒక్కొక్క కావలివానిని, లేదా చిన్న బురుజును, యుద్ధానికి ముందే నిలపాలి. దీనికయ్యే ఖర్చు స్వల్పం. దొరికే వ్యవధి అమూల్యం.

రెండు, తూచాలి. వచ్చినది ప్రధానసేనయా, పిలుపు మాత్రమేనా? ఆపకపోతే ఏది పోతుంది? పది పొలాలు పోతే మళ్ళీ వేసుకోవచ్చును. ఊరి నడిబొడ్డు పోతే ఆట ముగుస్తుంది.

మూడు, ఆపాలి. రెండవ, మూడవ వైపుల గోడలు, ఇరుకు దారులు, కొద్దిమంది విలుకాండ్రు చాలును. పనివారిని దాడి జరిగే చోటు నుండి లోపలికి రప్పించాలి. వారిని పోరులోకి దింపరాదు.

నాలుగు, కూడగట్టాలి. ప్రధానబలమంతటితో ఒక సేనను, సాధారణంగా ముందుగా చేరువైన దానిని, పూర్తిగా ముగించాలి. సగం ముగించి మరొక వైపు పరుగెత్తడమంటే రెండు చోట్లా నష్టపోవడమే.

ఐదు, తిరగాలి. గెలిచిన ఉత్సాహంలో పారిపోయేవారిని తరుముతూ దూరం పోరాదు. మొదటి పోరు ముగియగానే నడుమకు చేరి రెండవ దిక్కుకు మళ్ళాలి.

ఆరు, అన్ని దాడులనూ ఇంటివద్దనే కాచుకొని కూర్చున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతాడు. శత్రువు మూడు వైపులకు సేన పంపినాడంటే అతని ఇల్లు పలుచబడి ఉన్నదని అర్థం. అవకాశం చిక్కినప్పుడు దాడి పుట్టే చోటికే పోవాలి.

మనస్సు అనే సేనాపతి

ఇన్ని తెలిసినా ఆటగాళ్ళు తడబడతారు. కారణం సైనికుల కొరత కాదు, ధ్యాస కొరత. కదిలే వస్తువులలో మనిషి ఒక్కసారిగా నాలుగైదింటిని మాత్రమే కంటితో వెంబడించగలడని మనస్తత్వశాస్త్రజ్ఞుల ప్రయోగాలు 1988 నుండి చూపుతున్నాయి. ఒక పని నుండి మరొక పనికి మనస్సును మళ్ళించిన ప్రతిసారీ కొంత కాలం వృథా అవుతుంది. పలుదిక్కుల దాడి చేసేవాడు నిజంగా ముట్టడించేది ఈ ధ్యాసనే. గోడలు, కావలివారు, ముందే ఏర్పరచుకొన్న క్రమం ఇవన్నీ సేనాపతి ధ్యాసను ఆదా చేసే సాధనాలు.

ఈ ధ్యాసను సాధనతో పెంచవచ్చునా? లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం, యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు మరికొందరితో కలిసి 2013లో 'ప్లాస్ వన్' పత్రికలో ఒక పరిశోధన ప్రకటించినారు. వీడియో ఆటలు అంతగా ఆడని 72 మంది మహిళలను మూడు జట్లుగా చేసి, కొన్ని వారాలలో 40 గంటలపాటు ఆడించినారు. ఒక జట్టు ఒకే స్థావరంతో స్టార్‌క్రాఫ్ట్ ఆడినది. మరొక జట్టు రెండు స్థావరాలను నడుపుతూ ఇద్దరు శత్రువులను ఎదుర్కొన్నది. మూడవది వ్యూహంతో పని లేని 'ది సిమ్స్' ఆడినది. తరువాత జరిపిన పరీక్షలలో వ్యూహక్రీడ ఆడినవారి ఆలోచన ఒక విషయం నుండి మరొక విషయానికి మళ్ళే చురుకుతనం పెరిగినది. రెండు స్థావరాలను నడిపిన జట్టులో ఆ పెరుగుదల అధికంగా కనిపించినది.

దీనిని చూపి పిల్లలు రోజంతా ఆడతామంటే ఒప్పుకొనవలసిన పని లేదు. ఆ ప్రయోగంలోని 40 గంటలు కూడా కొన్ని వారాలకు పంచబడినవి. ఆట జీవితాన్ని మింగివేసే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులో ఉన్న తన వ్యాధుల పట్టికలో చేర్చినది. నిద్ర, చదువు, శరీరవ్యాయామం అనే మూడు దిక్కులనూ వదలి ఒకే దిక్కున సేనను నిలిపినవాడు వ్యూహం నేర్చినవాడు కాడు.

గోను వచ్చిననాడు

తెరమీది పాఠానికి తెర బయట విలువ ఉన్నదా అని సందేహించేవారికి ఒమన్ చరిత్రలోనే ఉదాహరణ దొరుకుతుంది. 2007 జూన్ 6న గోను తుఫాను ఒమన్ తీరాన్ని తాకినది. అంతవరకు అరేబియా సముద్రంలో నమోదైన తుఫానులలో అది అత్యంత బలమైనది. దాడి ఒకే దిక్కు నుండి రాలేదు. సముద్రం నుండి అలలు పైబడినాయి, కొండల నుండి వాదీలు పొంగి మస్కట్ వీధులలోకి దూకినాయి, రోడ్లు తెగినాయి, విద్యుత్తు ఆగినది. నిర్లవణీకరణ కర్మాగారాలు నిలిచిపోగా నగరం తాగునీటికి కటకటలాడినది. సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయినారు.

ఆ అనుభవం తరువాత ఒమన్ చేసిన పనిలో నిజ్వా కోట తర్కమే కనిపిస్తుంది. మొదటిది కావలి బురుజు: 2015లో మస్కట్‌లో బహువిపత్తుల ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైనది. తుఫాను, వరద, సునామీలను వేరువేరు కాపలాదారులు కాక ఒకే చోటి నుండి చూచే ఏర్పాటు అది. రెండవది తీరిక ఉండగానే లోపలికి రప్పించడం: 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని తాకకముందే తీరప్రాంతాల నుండి ప్రజలను తరలించి, సెలవులు ప్రకటించినారు. అప్పుడూ ప్రాణనష్టం తప్పలేదు. కాని గోనునాటి సంఖ్యకంటె అది చాలా తక్కువ.

అందుచేత వ్యూహక్రీడ ఆడే బాలునితో పెద్దలు మాట్లాడవలసినది "ఎంతసేపు ఆడినావు?" అన్న ఒక్క ప్రశ్నే కాదు. "మూడు వైపుల నుండి వచ్చినప్పుడు ముందు ఎటు పోయినావు? ఎందుకు?" అని కూడా అడగవచ్చును. ఆ ప్రశ్నకు కారణంతో సమాధానం చెప్పగలిగిన పిల్లవానికి లాంచెస్టర్ లెక్క చూపవచ్చును. సెలవునాడు నిజ్వాకు తీసుకొనిపోయి, ఆ బురుజు నడుమ నిలబెట్టి, ఏ అంచుకు ఎన్ని అడుగులో లెక్కించమనవచ్చును. ఆటలో ఓడిన కోటను మళ్ళీ మొదలుపెట్టవచ్చును. నీరు, నిప్పు, వ్యాధి, అప్పు ఒక్కసారిగా ఇంటిమీద పడినప్పుడు మాత్రం రెండవ ఆట ఉండదు. ఏది ముందో, ఏది ఆగగలదో తేల్చుకొని, ఒక్కొక్కదానినే పూర్తిగా ఎదుర్కొనే అలవాటు ఆనాటికి సిద్ధంగా ఉండాలి.